అతుకు కనబడని చదరము

నెల్లూరు నుండి తూర్పుగా పాతిక కిలోమీటర్లు పోయినచో మైపాడు సముద్రము వచ్చును. ఆ యొడ్డున జానెడు ఇసుకను చదరముగా ఎత్తి తెచ్చి, ఆ చదరమునే ప్రక్కప్రక్కలను క్రిందుమీదులను వేయి పర్యాయములు పరచి, చూచువానికి ఇది ఒకే జానెడు ఇసుక అను అనుమానము పొడసూపకుండ తీరమునంతయు కంప్యూటరు తెరపై నిలుపుట యెట్లు అనునది ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న. ఆటలు తయారుచేయువారు అట్టి చదరమును టెక్స్చరు అందురు. గోడకు సున్నమువలె, వాకిటికి అలుకువలె, ఆకార మేదైనను దానిపైకి పూతగా వచ్చు చిత్రమని భావము. పిల్లల యాటకు సంబంధించిన విషయమునకు ఇంత విచారమేల యని తేలికగా త్రోసివేయువా రుందురు. నేనును చాలకాలము అట్లే తలచితిని. ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చి, పులికాటు సరస్సుమీద పక్షిని ఎగురవేయు ఆట నొకదానిని తయారుచేయుచు, "ఆట బాగానే ఆడతా ఉండాది మామా, నేల చూస్తే మాత్రం బండలు పరిచినట్టుండాది" అని నా ముందర మొఱపెట్టుకొన్ననాడు గాని అందలి లోతు నాకు బోధపడలేదు.

చిన్న చదర మేల, తీరమంతయు ఒకే పెద్ద బొమ్మగా గీయరాదా యనిన, గీయవచ్చును. దాచుటకు చోటు కావలెను గదా. 1980వ దశకమున జపాను దేశపు నింటెండో సంస్థ ఇంటి టెలివిజనుకు తగిలించి యాడుకొనుటకై చేసిన యంత్రమున తెర వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 240 చుక్కలు, వెరసి 61,440 చుక్కలు. చుక్కచుక్కకు రంగు చెప్పుచు దృశ్యములనన్నిటిని దాచుకొనునంతటి స్తోమత ఆ యంత్రమునకు లేదు. అందుచే 8 చుక్కల వెడల్పును 8 చుక్కల ఎత్తును గల పలకలు 256 చేసి, ఒక్కొక్క పలకకు 16 బైట్ల చొప్పున 4,096 బైట్లలో ఇమిడ్చి, ఏ చోట ఎన్నవ పలక రావలెనో సంఖ్యలు మాత్రము చెప్పుచు, అడ్డముగా 32, నిలువుగా 30 పలకలతో తెరను కప్పిరి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో ఆకాశమందలి మేఘమును నేలమీది పొదయు ఒకే ఆకృతి. తెలుపు వేసిన మేఘము, పచ్చ వేసిన పొద. అంతమంది ఆడిరి గాని ఆడుచున్నంతసేపు ఆ సంగతి పట్టించుకొన్నవా రెందఱు? పాతచీరలు నాలుగు కలిపి బొంత కుట్టిన యిల్లాలి ఉపాయ మిది. లేమిలో పుట్టినది గనుకనే పొందికగా నున్నది.

ఈ పలకలు గీయుటకు వాడు పనిముట్టునకు పెయింటు ప్రోగ్రామని పేరు. దాని వంశావళి పెద్దదే గాని వేగముగా చెప్పి ముగింతును. 1973 నాటికే అమెరికాలో జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనశాలయందు రిచర్డ్ షూప్ అనునాతడు సూపర్‌పెయింట్ నడిపించెను. 1984లో ఆపిల్‌వారి మాకింటాషుతో బిల్ అట్కిన్సన్ వ్రాసిన మాక్‌పెయింట్ వచ్చెను. ఆ తెరకు నలుపు తెలుపు తప్ప వేఱు రంగు లేకుండుటచే, నలుపు చుక్కలను తెలుపు చుక్కలను 8కి 8 గడులలో పలువిధముల కలిపి, బూడిదరంగును, ఇటుక గోడను, చేప పొలుసును భ్రమింపజేయు నమూనాలు అందులో వరుసగా పేర్చియుండెడివి. టెక్స్చరు అను మాట ఆటలలో వాడుక కాకమునుపే ఆ పని అచ్చట జరిగినది. మఱునాటి సంవత్సరమే డాన్ సిల్వా రచించిన డీలక్స్ పెయింట్ అమీగా యంత్రమునకు వచ్చి ఆటల చిత్రకారులకు చిరకాలము ఆయుధమైనది. ఆ 1985లోనే మొదటి విండోసుతోబాటు వచ్చిన పెయింట్, మన పాఠశాలల కంప్యూటరు గదులలో పిల్లలు మౌసు పట్టుట నేర్చుకొన్న పలకయై నేటికిని నిలిచియున్నది. 1990లో ఫొటోషాప్, ఆ దశకము నడుమ బర్కిలీ విద్యార్థు లిద్దఱు చేసి యుచితముగా పంచిపెట్టిన గింప్, అటుపిమ్మట వచ్చినవి లెక్కకు మిక్కిలి.

డీలక్స్ పెయింట్ లోని ఒక్క యుపాయమును మాత్రము విడువలేకున్నాను. ఆ నాటి బొమ్మలో చుక్కకు రంగు ఉండదు, రంగు సంఖ్య యుండును. ఏ సంఖ్యకు ఏ రంగో వేఱొక పట్టికలో నుండును. పట్టికలోని నాలుగైదు నీలములను ఒకదాని స్థానమునకు ఒకదానిని జరుపుచుండిన, బొమ్మలో ఒక్క చుక్కయు కదలకయే నీరు పారుచున్నట్లు కనబడును. మా కోస్తా వెంబడి మందగమనమున సాగు బకింగ్‌హాము కాలువ నీటికి ఇంతకంటె చౌకయైన నడక నాకు నేటికిని కనబడలేదు.

ఇక మన వాకిళ్ళ వైపు చూతము. మా తీరమునకు దక్షిణమున, తాంబరమందలి మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి గారలు, కమలా కృతివాసన్ గారితో కలిసి, 1974లో కంప్యూటరు చిత్రశాస్త్ర పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించిరి. తమిళ స్త్రీలు వాకిట వేయు కోలములకు భాషకువలె వ్యాకరణము కలదనియు, చిన్న యాకృతినుండి పెద్ద యాకృతి నియమబద్ధముగా పుట్టుననియు వా రందు నిరూపించిరి. మన చుక్కల ముగ్గు ఆ కోలమునకు తోబుట్టువే. ధనుర్మాసమున మా వీధిలో "పదిహేను చుక్కలు, ఎనిమిది దాకా సందుచుక్క" అని ఒకరికొకరు చెప్పుకొందురు. నడుమ వరుస 15, దానికి పైకిని క్రిందికిని 14, 13 ఇట్లు తగ్గుచు 8 వఱకు. లెక్కించిన 169 చుక్కలు. ఆకృతి చూచిన భుజమునకు 8 చుక్కలుగల సరియైన షట్కోణము. సరిచుక్క ముగ్గు కంప్యూటరు తెరవంటిది, చుక్క క్రింద చుక్క. సందుచుక్క ముగ్గు ఆరుమూలల గడులతో ఆడు యుద్ధక్రీడల వంటిది. 2010లో సివిలైజేషన్ ఆట ఐదవ రూపమున నాలుగుమూలల గడులు మాని ఆరుమూలల గడులకు మారినప్పుడు లోకమున పెద్ద చర్చ జరిగెను గాని, మా వీధి ఆడవారిని అడిగియుండిన రెంటికిని గల భేదము పిండి చేతబట్టుకొనియే చెప్పియుందురు.

ఇట్లనుటచే ముగ్గు వేయగలిగినవారెల్ల ఆటబొమ్మలు గీయగలరనియు, నేతగాడు పుట్టుకతోనే పిక్సెలు చిత్రకారుడనియు పొగడువారితో నేను ఏకీభవించుట లేదు. ఈ పోలిక నేడు సభలలో తఱచుగా వినబడుచున్నది. వినుటకు ఇంపుగా నుండును, సగము మాత్రమే సత్యము. ఆ మిగిలిన సగమే యీ విషయమునకు ప్రాణము గనుక కొంచెము నిలిచి చూడవలెను.

మా తీరపు చరిత్రయే పునరావృత్తిని అమ్ముకొన్న చరిత్ర. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో డచ్చివారు పులికాటున కోట కట్టుకొన్నదియు, 1626 ప్రాంతమున ఆంగ్లేయులు దుగరాజపట్నమున, తమ నోట ఆర్మగానైన చోట, వర్తకస్థానము పెట్టుకొని పిమ్మట 1640లో చెన్నపట్టణమునకు తరలిపోయినదియు నేతబట్ట కొఱకే. గళ్ళ చేతిరుమాలుకు ఇంగ్లీషు వర్తకులు పులికాటు అను ఊరిపేరే పెట్టిరి. నేటికిని దుకాణమున పళయకాటు లుంగీ యనిన గళ్ళ లుంగీయే. ఆ లుంగీలో ఒక్క గడి చూచిన తక్కిన గడులన్నియు చూచినట్లే, అది దాని గౌరవము. ఒక గడి తేడా వచ్చినదా, కొనువాడు మొగము చిట్లించును. వెంకటగిరి జామ్దానీ చీరలో బుటా మీద బుటా సమదూరమున పడుచు పోవుటకే నేతగాడు అదనపు పేకపోగును చేతితో ఓర్పుగా దూర్చుచుండును. పునరావృత్తి కనబడవలెను, కనబడి మెప్పింపవలెను.

టెక్స్చరు చేయువాని ధర్మము ఇందుకు నేరుగా ఎదురు. వాడును ఒకే చదరమును వేయిసార్లు పరచును, పరచిన సంగతి మాత్రము ఎవ్వరికిని తెలియరాదు. నేతకానికి శోభ యైనది వానికి దోషము. లెక్క ఒకటే, లజ్జ వేఱు. కావున నేతనుండి ముగ్గునుండి వాడు నేర్చుకొనవలసినది గడి లెక్క, రంగుల పొదుపు, మఱచిపోవలసినది తాళము. ఇది తెలియక మా మేనల్లుడు నేలను అందముగా గీసెను. అందముగా గీయుటయే వచ్చిన చిక్కు.

ఆ నేలను మేమిద్దరము సరిచేసిన విధము చెప్పెదను. పెయింట్ తెరచి 64 చుక్కల చదరము తీసికొని, లేత గోధుమవన్నె పోసి, దానికంటె ఒక మెట్టు ముదురు, ఒక మెట్టు లేత రంగులతో పెన్సిలు పనిముట్టున చుక్కలు వెదజల్లితిమి. నడుమ బాగుగనే వచ్చెను. అంచుల వద్ద కుడివైపు చుక్క యెడమవైపు చుక్కతో కలియవలెనను సంగతి చేతికి తెలియదు గదా. అందుకని ఆ చదరమును 32 చుక్కల ముక్కలు నాలుగుగా ఎంచి, ఎడమ పై ముక్కను కుడి క్రిందికి, కుడి క్రింది ముక్కను ఎడమ పైకి, తక్కిన రెంటిని అట్లే మూలమూలలకు మార్చితిమి. అప్పుడు పాత యంచులన్నియు నడుమకు వచ్చి నాలుగు వీధుల కూడలివలె గీటు గీచినట్లు బయటపడెను. క్రొత్త యంచులో, మునుపు నడుమ నొకటిగా నుండినవే గనుక వాని అతుకు తానే కుదిరినది. ఇక చేయవలసిన దల్లా అంచులను తాకకుండ నడుమ కూడలిని చుక్కలతో మాన్పుట. గింప్ లో ఈ మార్పిడికి ఆఫ్‌సెట్ అను ఆజ్ఞ యొక్కటి చాలును. ఐనను మొదటిసారి చేతితోనే ముక్కలు మార్చి చూడవలెనని నా మతము, ఏల ననగా ఆజ్ఞ నొక్కినవానికి ఏమి జరిగినదో కనబడదు.

అతుకు పోయినది. మూడు మూడులు తొమ్మిది చదరములు పరచి చూచితిమి. అప్పుడొక క్రొత్త పీడ బయలుదేరెను. నిజమైన తీరమువలె నుండవలెనని మావాడు ఒక నత్తగుల్లను మూడు తెల్లచుక్కలతో ముచ్చటగా గీసియుండెను. ఆ గుల్ల తొమ్మిది చోట్ల వరుసగా కవాతు చేయుచున్నది. "తీసేయ్‌రా" అంటిని. వానికి ప్రాణము ఒప్పలేదు, ఆ చదరమంతటిలో వాడు మెచ్చుకొన్నది అదే. తీసిన తర్వాత కన్నులు సగము మూసి చూచితిమి; ఒక మూల ముదురు చుక్కలు గుంపుగా పడి నేలమీద మచ్చలు మచ్చలుగా తోచెను; వానిని పలుచన చేసితిమి. చివరకు మిగిలిన చదరమున చూడదగినది ఏమియు లేదు. మంచి నేల యనగా అదియే. గుల్లలు, పీతబొరియలు, వలత్రాటి ముక్కలు వేఱు బొమ్మలుగా గీసి, కావలసినచోట నేలమీద ఉంచుకొనవచ్చును.

ఈ పునరావృత్తిని జయించుటకు శాస్త్రజ్ఞులు వేఱు త్రోవయు తొక్కిరి. 1961లో హావో వాంగ్ అను తర్కశాస్త్రవేత్త, అంచుల రంగులు కలిసిననే ప్రక్కన పెట్టదగిన చదరములనుగూర్చి విచారించెను. అతని దృష్టిలో అది శుద్ధ తర్కసమస్య. 2003లో చిత్రశాస్త్రజ్ఞులు ఆ చదరములనే గైకొని, కొన్ని పలకలు మాత్రమే గీసి వానిని మార్చిమార్చి పేర్చుచు తాళము పట్టుబడని నేలను పరచవచ్చునని చూపిరి. అంత దూరము పోనక్కఱలేదు; ఒకే ఇసుకకు నాలుగు చదరములు గీసి కలగలుపుగా పరచిన చిన్న యాటకు సరిపోవును.

ఫొటో తీసి దానినే చదరముగా వాడుకొనరాదా యని అడుగువా రెక్కువ. వాడవచ్చును, వెలుగునుగూర్చి జాగ్రత్తపడిన. మైపాడున ఉదయము ఆఱు గంటలకు తీసిన యిసుక ఫొటోలో ప్రతి మిట్టకును పడమట నీడ పడియుండును. ఆటలో సూర్యుడు పడమట నున్నచో ఆ నీడలు అబద్ధమాడును. పైగా ఫొటోకు ఒక ప్రక్క వెలుగు, ఒక ప్రక్క మసక యుండి, పరచినప్పుడు చాఱలు తేలును. మబ్బు కమ్మిన మధ్యాహ్నమే ఇందుకు మేలైన ముహూర్తము. ఇంకొక మార్గము గణితము. ట్రాన్ అను 1982 నాటి చలనచిత్రమునకు పనిచేసిన కెన్ పెర్లిన్, యంత్రము గీసిన వస్తువులు మరీ నున్నగా నుండుట చూచి విసిగి, పాలరాతి చాఱలు, మబ్బులు, మంటలు సూత్రముచే పుట్టించు పద్ధతి కనిపెట్టి 1985లో ప్రకటించెను. 1997లో అమెరికా చలనచిత్ర అకాడమీ అతనికి సాంకేతిక పురస్కార మిచ్చినది. ఆ పద్ధతి దొడ్డదే. నేటి పెయింటు ప్రోగ్రాములు పలువాటిలో ఒక మీటగా నున్నది. కాని దానిని నమ్మి కూర్చున్నవాని ఇసుక మబ్బువలె, గోడ మబ్బువలె, పశువు చర్మమును మబ్బువలె నుండును. పోటు దిగిన పిదప తడి యిసుకమీద అల విడిచిపోవు సన్నని మడతలు ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోవునో చూచినవాని చేతికే తెలియును.

కొలతలు 16, 32, 64 అని రెట్టింపులుగా నుండుట చూచి ఇది ఆచారమని కొంద ఱనుకొందురు. ఆచారము కాదు. దూరమున నున్న నేలను ఉన్నదున్నట్లు చూపిన చుక్కలు మిలమిల కొట్టును. గళ్ళచొక్కా తొడిగిన పెద్దమనిషి టెలివిజనులో కదలినప్పుడు గళ్ళు పురుగులవలె ప్రాకుట చూచియే యుందురు, అదియే యీ జాడ్యము. దానికి 1983లో లాన్స్ విలియమ్స్ చెప్పిన మందు: చదరమును సగమునకు సగముగా కుదించుచు 32, 16, 8, 4, 2, 1 అని నకళ్ళు ముందే చేసి పెట్టుకొని, దూరమును బట్టి తగినదానిని చూపుట. సగములు తెగకుండ రావలెనన్న రెట్టింపు కొలతలే సుఖము.

నేల మాట ముగిసినది, ఒడ్డు మాట మిగిలినది. మా తీరమును ఆకాశమునుండి చూచిన ఆట పటము పరచినట్లే యుండును: రొయ్యల గుంటల చదరములు, ఇసుకపల్లి వైపు తెల్లని ఉప్పు మడులు, సరుగుడు తోపులు, నడుమ కాలువ. ఒక్కొక్కదానికి ఒక్క పలక చాలునని తొలుత తోచును. నీటి పలక ప్రక్కన ఇసుక పలక పెట్టి చూడుడు, కత్తితో కోసినట్లుండును. పలక నాలుగు మూలలలో ప్రతి మూలయు నీరో ఇసుకయో కావలెను గనుక రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదునాఱు. ఆ పదునాఱు పలకలును గీసిననే గాని ఏ వంపునకైనను ఒడ్డు కుదరదు. శ్రమ యంతయు అందే యున్నది, అందమును అందే యున్నది: నురుగు తెలుపు రెండు చుక్కలు, తడి యిసుక ముదురు నాలుగు చుక్కలు, ఆపై పొడి యిసుక. రొయ్యల గుంటకు మాత్రము ఇంత పని లేదు, ఆ కట్టలు నిజముగనే కత్తితో కోసినట్లుండును.

ఇక పక్షి. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు దారిలో, నేడు తిరుపతి జిల్లాలో చేరిన చోట, పులికాటు సరస్సు నీటిలో, చలికాలమున రాజహంసలు గుంపులు గుంపులుగా నిలిచియుండును. దానిని 16 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తులో ఇమిడ్చితిమి. రంగులు నాలుగు: తెలుపు, గులాబి, నలుపు, నాలుగవది ఏమియు లేకపోవుట. చుక్కకు రెండు బిట్లు, 384 చుక్కలు, మొత్తము పక్షి 96 బైట్లు. కాలు ఒక్క చుక్క వెడల్పు. అంతకంటె సన్నము లేదు, రెండు చుక్కలు చేసిన పక్షి గేదె యగును. రాజహంసను తెలిపినది కాలు గాదు, వంగిన ముక్కు. ముక్కు కొనను నలుపు రెండు చుక్కలు క్రిందికి పెట్టినంతనే, అంతవఱకు ఏ పక్షియో తెలియనిది రాజహంస యైనది. కుడికి నడచు బొమ్మను త్రిప్పి యెడమకు వాడుకొనవచ్చును, వెలుగు నెత్తిమీదినుండి పడినట్లు గీసిన.

ఇంత చేసి దానిని జేపెగ్ గా దాచితిమి. ఆటలో పెట్టగా పక్షి చుట్టును మురికి గులాబి పొగ. జేపెగ్ ఫొటోలకొఱకు పుట్టినది. చోటు కలిసివచ్చుటకై ఎనిమిదేసి చుక్కల గుంపులలో సూక్ష్మభేదములను చెఱిపివేయును. నాలుగు రంగులు నాలుగు వందలగును, ఖాళీ యను రంగు దానికి లేనే లేదు. పీఎన్‌జీ యైన చుక్క చుక్కగా దాచును. ఈ ఒక్క ముక్క తెలియుటకు మావాడు ఒక శిక్షణాలయమున మూడు నెలలు సొమ్ము కట్టి చదివియుండవలసినది, చదివెను కూడ, అచ్చట ఏ మెనూలో ఏ ఫిల్టరు కలదో వల్లె వేయించిరి గాని ఒక్క బొమ్మయైన మొదటినుండి తుదివఱకు గీయించినవారు లేరు.

మాట చెప్పిన బొమ్మ గీసి యిచ్చు కృత్రిమమేధ యంత్రములు వచ్చిన పిదప ఈ శ్రమ యేల యందురు. నేనును అడిగి చూచితిని. పిక్సెలు బొమ్మ అడిగిన, చుక్కలవలె కనబడునవి యిచ్చినది; పెద్దది చేసి చూచిన చుక్కలు గడిలో నిలువలేదు, ఒకటి వెడల్పు, ఒకటి ఇఱుకు; నాలుగు రంగులన్నచోట వందలు. రేపు బాగుపడవచ్చును. కాని ఏది తీసివేయవలెనో నిర్ణయించుట యీ పనిలో ముఖ్యము. గుల్లను తీసివేయుమని ఎవ్వ రడుగుదురు?

తుద కొక మనవి. వెంకటగిరి పరిసరములలో పాత బుటాల గ్రాఫు కాగితములు ఇండ్లలో దాచుకొన్న కుటుంబము లున్నచో, వానిని ఫొటో తీసి ఫోనులో పెట్టుకొనుటతో తృప్తిపడక, గడికి ఒక చుక్కగా మరల గీయించి పీఎన్‌జీగా దాచుడు; ఇంటనున్న పిల్లలు పెయింట్ లోనే ఆ పని చేయగలరు. అయితే ఒక సంగతి మఱవకుడు. అంగుళమునకు పడుగుపోగు లెన్నో పేకపోగు లెన్నో సమానముగా నుండకపోవచ్చును. అట్టి చోట కాగితముమీది గుండ్రని బుటా బట్టమీద కోలగా దిగును. ఒకనాటి కంప్యూటరు తెరలయందును ఇదే చిక్కు: 320కి 200 చుక్కల తెరపై ప్రతి చుక్కయు వెడల్పుకంటె ఐదవ వంతు ఎక్కువ ఎత్తుండెడిది. కావున ప్రతి కాగితపు బొమ్మ ప్రక్కను, ఆ చీర కెన్ని పడుగులు, ఎన్ని పేకలో ఇంటి పెద్దల నడిగి సంఖ్యలు వ్రాసి పెట్టుడు.